ఎంఏహెచ్ సరే, లోపల కాథోడ్ ఏంటి? ఎల్ఎఫ్‌పీ పొడి తయారయ్యేది ఇలా!

కొత్త ఫోన్ స్పెక్స్‌లో 5000 ఎంఏహెచ్, 6000 ఎంఏహెచ్ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. లోపల ఏ కాథోడ్ వాడారో మాత్రం చెప్పరు. నాది అనంతపురం. ఎండాకాలంలో 40 డిగ్రీలు దాటడం మాకు మామూలే. అందుకే బ్యాటరీ అనగానే నేను ముందు అడిగేది కాథోడ్ గురించే.

కాథోడ్ అంటే బ్యాటరీలో ప్లస్ వైపు ఉండే పదార్థం. ఛార్జింగ్ పెడితే అందులోని లిథియం అయాన్లు గ్రాఫైట్ వైపు వెళ్తాయి, ఫోన్ వాడుతుంటే వెనక్కి వస్తాయి.

ఫోన్లలో ఎక్కువగా ఉండేది లిథియం కోబాల్ట్ ఆక్సైడ్. 1980లో జాన్ గుడెనఫ్ బృందం దీన్ని బయటపెట్టింది. తక్కువ చోటులో ఎక్కువ ఛార్జ్ పడుతుంది. కానీ కోబాల్ట్ ఖరీదు. పైగా మితిమీరి వేడెక్కితే ఆక్సిజన్ వదులుతుంది, మంటకు అది ఆజ్యం పోసినట్టే.

1997లో ఆయన ల్యాబ్ నుంచే ఇంకోటి వచ్చింది: లిథియం ఐరన్ ఫాస్ఫేట్, అంటే ఎల్ఎఫ్‌పీ. ఆ పరిశోధనా పత్రంలో పాధి, నంజుండస్వామి అనే మనవాళ్ల పేర్లూ ఉన్నాయి. ఇందులో ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, అంత తేలిగ్గా వదలదు.

పొడి ఎలా చేస్తారు?

హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ ఈ పొడి తయారీ పద్ధతిని డెవలప్ చేసి, ఆల్ట్‌మిన్ కంపెనీకి అందించింది. స్థూలంగా పని ఇలా ఉంటుంది:

1. లిథియం, ఇనుము, ఫాస్ఫేట్ ముడిసరుకులకు కార్బన్‌నిచ్చే పదార్థం కలిపి మిల్లులో మెత్తగా నూరతారు.
2. ఆర్గాన్ లేదా నైట్రోజన్ నింపిన ఫర్నేస్‌లో దాదాపు 700 డిగ్రీల దగ్గర కాలుస్తారు. గాలి తగిలితే లోపలి ఇనుము ఆక్సీకరణ చెంది సరుకు పాడవుతుంది.
3. అదే వేడికి కార్బన్ పదార్థం మాడి, రేణువుల చుట్టూ పల్చటి నల్లపొర అవుతుంది. ఎల్ఎఫ్‌పీలో కరెంట్ సరిగా పారదు. ఆ పొరే దానికి దారి.

మరి ఫోన్లలో ఎందుకు పెట్టరు?

ఎల్ఎఫ్‌పీ సెల్ వోల్టేజ్ 3.2 దగ్గరే ఉంటుంది, ఫోన్ సెల్ అయితే 3.8 దాకా. అదే సైజులో బ్యాకప్ తగ్గుతుంది. ఇన్వర్టర్‌కో, సోలార్ స్టోరేజ్‌కో సైజుతో పెద్ద పేచీ లేదు. ఎన్పీ కుంటలో అంత పెద్ద సోలార్ పార్క్ ఉన్న మా సీమకు పగటి ఎండను రాత్రికి దాచే బ్యాటరీలే కావాలి.

ఎండ ఎల్ఎఫ్‌పీని కూడా ముసలిదాన్ని చేస్తుంది, కాకపోతే ప్రమాదం తక్కువ. కాబట్టి ఇన్వర్టర్ కొనేటప్పుడు "ఎల్ఎఫ్‌పీయేనా?" అని అడగండి. ఫోన్‌ను మాత్రం ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద ఛార్జింగ్ పెట్టకండి.