విడుదల కాని గేమ్‌లను ఎందుకు కాపాడుతున్నారు? పాత టేపుల్లో మిగిలిపోయిన కష్టం కథ

1984 జూలై. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరం. ఇమాజిన్ సాఫ్ట్‌వేర్ అనే వీడియో గేమ్‌ల కంపెనీ ఆఫీసుకు కోర్టు అమీనులు వచ్చారు. అప్పులు కట్టలేదు కాబట్టి సామాను జప్తు చేయాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడ బీబీసీ కెమెరాలు తిరుగుతున్నాయి. బాగా నడుస్తున్న కొత్త కంపెనీని చూపిద్దామని మొదలుపెట్టిన డాక్యుమెంటరీ, చివరికి ఆ కంపెనీ మూతపడటాన్ని చూపించింది. ‘కమర్షియల్ బ్రేక్స్’ అనే సిరీస్‌లో అదే ఏడాది డిసెంబర్‌లో టీవీలో వచ్చింది.

ఆ కంపెనీ అప్పటికే రెండు గేమ్‌లకు పత్రికల్లో పెద్ద పెద్ద ప్రకటనలు ఇచ్చింది. ఒకటి ‘బ్యాండర్‌స్నాచ్’, రెండోది ‘సైక్లాప్స్’. మామూలు గేమ్ క్యాసెట్ ఆరేడు పౌండ్లకు దొరికే రోజుల్లో వీటిని దాదాపు 40 పౌండ్లకు అమ్మాలనుకున్నారు. కంప్యూటర్ మెమరీ చాలదు కాబట్టి గేమ్‌తో పాటు వెనకాల తగిలించే ఒక పరికరం కూడా ఇస్తామన్నారు. ప్రకటనలైతే వచ్చాయి కానీ గేమ్‌లు రాలేదు. కంపెనీ పేరును మాంచెస్టర్‌కు చెందిన ఓషన్ సాఫ్ట్‌వేర్ కొనుక్కుంది. ఇమాజిన్‌లో పనిచేసిన కొందరు సిగ్నోసిస్ అనే కొత్త కంపెనీ పెట్టారు. బ్యాండర్‌స్నాచ్ ఆలోచన మారి మారి 1986లో ‘బ్రటాకస్’ అనే వేరే గేమ్‌గా బయటికొచ్చింది. 2018లో నెట్‌ఫ్లిక్స్ తీసిన ‘బ్యాండర్‌స్నాచ్’ సినిమాలోని పేరు ఈ గేమ్‌దే.

ఇలా మొదలై ఆగిపోయినవి, పూర్తయినా అంగడికి రానివి చాలా ఉన్నాయి. వాటిని వెతికి భద్రపరిచే పనిని కొందరు ఏళ్ల తరబడి చేస్తున్నారు. బ్రిటన్‌కు చెందిన ఫ్రాంక్ గాస్కింగ్ 1999 నుంచి ఇదే పనిలో ఉన్నారు. మొదట కమోడోర్ 64 కంప్యూటర్ గేమ్‌లతో మొదలుపెట్టారు. 2020లో ‘గేమ్స్ దట్ వర్న్‌ట్’ పేరుతో ఒక లావుపాటి పుస్తకం కూడా తెచ్చారు.

ఆటే కదా, రాకపోతే ఏమైంది అనిపించవచ్చు. ఆ ప్రశ్నకు జవాబు తెలియాలంటే ముందు ఆ కంప్యూటర్ల సంగతి తెలియాలి.

ఒక ఫొటోకి సరిపోని మెమరీ

జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్, కమోడోర్ 64 రెండూ 1982లో వచ్చాయి. పెద్ద స్పెక్ట్రమ్‌లో మెమరీ 48 కిలోబైట్లు, కమోడోర్‌లో 64 కిలోబైట్లు. ఈరోజు వాట్సాప్‌లో వచ్చే ఒక్క ఫొటో కూడా సాధారణంగా అందులో పట్టదు. ఇంటి టీవీకే తగిలించి వాడేవారు. మన దేశంలో కూడా 1984లో ‘క్లాస్’ పథకం కింద కేంద్రం కొన్ని బడులకు ఇదే తరానికి చెందిన బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది.

గేమ్‌లు ఎక్కువగా పాటల క్యాసెట్ల మీదే వచ్చేవి. టేపు రికార్డర్‌లో వేస్తే కీచుమని శబ్దం. ఆ శబ్దమే ప్రోగ్రామ్. స్పెక్ట్రమ్ ఆ శబ్దాన్ని విని సున్నాలు, ఒకట్లుగా మార్చుకునేది. 48 కిలోబైట్ల గేమ్ లోడ్ కావడానికి నాలుగైదు నిమిషాలు పట్టేది.

ఇంత తక్కువ చోటులో బొమ్మలు, సంగీతం, ఆట అన్నీ ఇరికించాలి. ఆ పని చాలాసార్లు ఒక్కరో ఇద్దరో, అది కూడా ఇరవై ఏళ్లు నిండని కుర్రాళ్లు, పడకగదుల్లో కూర్చుని చేశారు. విడుదలైతే పేరు, డబ్బు వచ్చేవి. కాకపోతే నెలల కష్టానికి మిగిలేది ఒక టేపో, ఒక ఫ్లాపీనో.

ఎందుకు ఆగిపోయేవి?

కారణాల్లో ఎక్కువ భాగం ఆటకు సంబంధించినవి కావు, వ్యాపారానికి సంబంధించినవి. ఒకటి, కంపెనీ దివాలా. రెండు, సినిమా పేరుతోనో కార్టూన్ పేరుతోనో గేమ్ చేస్తుంటే ఆ లైసెన్స్ గడువు తీరిపోవడం. మూడు, మార్కెట్ మారిపోవడం.

మూడోదానికి మంచి ఉదాహరణ ‘పుటీ స్క్వాడ్’. సిస్టమ్ 3 అనే కంపెనీ అమీగా కంప్యూటర్ కోసం దీన్ని తయారుచేసింది. 1994 నాటికి పని అయిపోయింది, పత్రికల్లో సమీక్షలు కూడా వచ్చాయి. కానీ అదే ఏడాది ఏప్రిల్‌లో అమీగా తయారుచేసే కమోడోర్ కంపెనీయే మూతపడింది. అలాంటప్పుడు డబ్బాలు అచ్చువేయించి దుకాణాలకు పంపడానికి ఎవరు ముందుకొస్తారు? గేమ్ అలాగే ఉండిపోయింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, 2013 డిసెంబర్‌లో, కంపెనీయే దాన్ని ఉచితంగా ఇచ్చింది.

ఇలా అన్నింటికీ జరగదు. సేబర్‌మ్యాన్ అనే పాత్రతో వరుసగా గేమ్‌లు చేసిన అల్టిమేట్ కంపెనీ, తర్వాత ‘మైర్ మేర్’ వస్తుందని చెప్పింది. స్పెక్ట్రమ్ అభిమానులు ఆ పేరును ఇప్పటికీ మర్చిపోలేదు. గేమ్ మాత్రం రానే లేదు.

టేపు ఎందుకు పాడవుతుంది?

మన ఇళ్లలో పాత ఖవ్వాలీ క్యాసెట్లు, పెళ్లి వీడియో టేపులు బీరువా అడుగున ఉంటాయి. వానాకాలం తర్వాత తీసి చూస్తే తెల్లటి బూజు పట్టి ఉంటుంది. గేమ్ టేపులదీ అదే పరిస్థితి. ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత పొడిని జిగురుతో అతికిస్తారు. తేమకు ఆ జిగురు చెడిపోతుంది, పొడి రాలుతుంది. పాటలో ఒక్క క్షణం గరగర వస్తే సర్దుకుని వింటాం. ప్రోగ్రామ్‌లో ఒక్క అక్షరం పోయినా మొత్తం ఆగిపోవచ్చు.

విడుదలైన గేమ్‌కు వేల కాపీలు ఉంటాయి. ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుంది. విడుదల కానిదానికి ఒక్కటే కాపీ ఉండొచ్చు. అది ఎవరి అటక మీదో ఉంటుంది. ఇల్లు ఖాళీ చేసినప్పుడు చెత్తలోకి పోతే కథ అయిపోయినట్టే. అది రాసినవాళ్లు ఇప్పుడు యాభై, అరవై దాటినవాళ్లు. అడిగి తెలుసుకునే సమయం కూడా తగ్గిపోతోంది.

ఎలా కాపాడుతున్నారు?

మొదటి పని వెతకడం. పాత పత్రికల్లో ప్రకటనలు, సమీక్షలు చూసి జాబితా వేస్తారు. ప్రోగ్రామర్లను, బొమ్మలు గీసినవాళ్లను, సంగీతం చేసినవాళ్లను కలుస్తారు. పత్రికలతో పాటు ఉచితంగా వచ్చిన క్యాసెట్లలో ఒక్క లెవల్ డెమో దొరకడం కూడా మామూలే. కొన్ని గేమ్‌లకు మిగిలింది అదొక్కటే.

రెండోది చదవడం. ఫ్లాపీ దొరికితే మామూలు డ్రైవ్‌లో పెట్టి కాపీ కొట్టేయరు. క్రయోఫ్లక్స్, గ్రీజ్‌వీజిల్ లాంటి పరికరాలు డిస్క్ మీది అయస్కాంత మార్పులను ఉన్నవి ఉన్నట్టు, అనేకసార్లు నమోదు చేస్తాయి. ఆ తర్వాతే అందులోంచి ఫైళ్లు తీస్తారు. టేపునైతే ముందు మంచి నాణ్యతలో ఆడియోగా రికార్డు చేస్తారు.

మూడోది సరిచూడటం. స్పెక్ట్రమ్ టేపులో ప్రతి భాగం చివర ఒక తనిఖీ అంకె ఉంటుంది. కిరాణా కొట్టు చిట్టాలో రోజు చివర మొత్తం సరిపోయిందా అని చూసినట్టే. అంకె కలవకపోతే ఎక్కడో తప్పు చదివారన్నమాట. అన్నీ కలిస్తే ఫ్యూజ్, వైస్ లాంటి ఎమ్యులేటర్లలో నడిపి చూస్తారు. పాత కంప్యూటర్‌లా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్‌ను ఎమ్యులేటర్ అంటారు.

ఇక్కడ ఒక నియమం ముఖ్యం. సగంలో ఆగిన గేమ్‌ను సగంలో ఆగినట్టే దాయాలి. తప్పులు సరిచేయాలనిపిస్తే వేరే కాపీలో చేసుకోవచ్చు, అసలుదాన్ని ముట్టుకోకూడదు. లేదంటే 1980ల్లో ఆ మనిషి రాసిందేది, ఇప్పుడు మనం కలిపిందేది అన్నది ఎవరూ చెప్పలేరు.

హక్కు ఎవరిది?

అన్నిటికన్నా చిక్కు ఇక్కడే. కంపెనీ దివాలా తీస్తే కుర్చీలు, బల్లలు వేలం వేస్తారు. కాపీరైట్ కూడా ఆస్తే. దాన్నీ ఎవరైనా కొనొచ్చు. ఎవరూ కొనకుండా కంపెనీ రద్దయితే బ్రిటన్ చట్టం ప్రకారం మిగిలిన ఆస్తి ప్రభుత్వానికి, అంటే రాజరికానికి చేరుతుంది. యజమాని కనబడకపోతే హక్కు లేనట్టు కాదు. ‘అబాండన్‌వేర్’ అని జనం వాడే మాటకు చట్టంలో చోటు లేదు.

గడువు కూడా చిన్నది కాదు. బ్రిటన్‌లో కాపీరైట్ సాధారణంగా రచయిత చనిపోయాక 70 ఏళ్లు, మన దేశంలో 60 ఏళ్లు. ప్రోగ్రామ్‌ను మన చట్టం సాహిత్య రచనగానే లెక్కేస్తుంది. న్యాయంగా కొన్నవారు భద్రత కోసం బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని సెక్షన్ 52 చెబుతోంది. అది సొంతానికి దాచుకోవడానికే, పదిమందికి పంచడానికి కాదు. మరోవైపు గడువు తీరేదాకా ఆగితే టేపు మిగలదు.

విడుదలైనవాటి పరిస్థితే బాగాలేదు. అమెరికాలో 2010కి ముందు వచ్చిన పాత గేమ్‌లలో 87 శాతం ఇప్పుడు కొనడానికి దొరకడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. విడుదలే కాని వాటి సంగతి చెప్పేదేముంది?

అందుకే ఈ పని చేసేవాళ్లలో జాగ్రత్తపరులు ముందు రాసినవాళ్ల అనుమతి అడుగుతారు. వద్దంటే బయట పెట్టరు, కాపీ మాత్రం భద్రంగా ఉంచుతారు. మన మాటల్లో చెప్పాలంటే అది అమానత్. అమానత్ వాడుకోవడానికి ఇచ్చింది కాదు, పాడవకుండా తిరిగి అప్పగించడానికి ఇచ్చింది.

ఈ పద్ధతి గేమ్‌లకే కాదు, ఇంట్లో ఉన్న ఏ పాత టేపుకైనా, ఫ్లాపీకైనా పనికొస్తుంది. పొడి చోట, స్పీకర్లకూ అయస్కాంతాలకూ దూరంగా పెట్టాలి. బూజు పట్టిందాన్ని ప్లేయర్‌లో వేయకూడదు, టేపు తెగుతుంది, ప్లేయర్ హెడ్ కూడా పాడవుతుంది. పైన ఏముందో, ఎవరిదో, ఏ ఏడాదిదో రాసి అంటించాలి. చాలా టేపులు చెత్తలోకి పోయింది చెడిపోయి కాదు, మీద పేరు లేక.