కోరంగి మడ అడవుల్లో రెండు రోజులు

పిల్లలకు సెలవులు వచ్చాయంటే మన కె.ఆర్.పురం తెలుగు కుటుంబాలకు రెండే దారులు. ఒకటి తిరుపతి, రెండోది అమ్మమ్మగారి ఊరు. ఈ మధ్యలో బన్నేరుఘట్ట ఎటూ ఉంటుంది. మూడోసారి కూడా అక్కడికేనంటే మా పిల్లలు ససేమిరా అన్నారు. "సముద్రం ఉండాలి, అడవి ఉండాలి, నడవాలి" అని మా పెద్దవాడు షరతు పెట్టాడు. వాడి స్నేహితుడొకడు అమెరికాలో పినతండ్రిగారింటికి వెళ్ళి, సముద్రపుటొడ్డున ఉన్న నేషనల్ పార్కులో కొండలెక్కి దిగి వచ్చాడట. అప్పటినుంచీ ఇంట్లో ఇదే గొడవ.

మన ఆంధ్ర నేషనల్ పార్కులు శేషాచలం, పాపికొండల వంటి లోతట్టు చోట్ల ఉన్నాయి. తీరాన ఉన్నవి అభయారణ్యాలు. పేరు తేడాయే గాని పిల్లలకు కావలసినవన్నీ వాటిలోనూ ఉన్నాయి. పులికాట్ సరస్సు మనకు దగ్గర, శీతకాలంలో రాజహంసలు దిగుతాయి. అక్కడికే అనుకుంటుండగా మావారు "కోరంగి కూడా ఉంది, కాకినాడ దగ్గర" అన్నారు. పక్కగదిలోంచి మా అత్తయ్యగారు, "కోరంగి అయితే నేనూ వస్తాను" అన్నారు.

ఆవిడకు ఎనభై ఐదేళ్ళు. గుడికి పిలిచినా మోకాళ్ళు నొప్పులనే మనిషి.

సంగతేమిటంటే, ఆవిడ ఏడాది పిల్లగా ఉన్నప్పుడు, 1941లో, వాళ్ళ నాన్నగారు కాకినాడలో ఓడెక్కి రంగం వెళ్ళారు. రంగం అంటే రంగూన్. మన తీరపు జిల్లాల్లో ఆ రోజుల్లో ఏ ఇంట చూసినా ఒకరో ఇద్దరో రంగంలో ఉండేవారు. బియ్యం మిల్లుల్లో, రేవులో కూలి పని, గుమాస్తా పని. ఆ డిసెంబరు 23న రంగూన్ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. లక్షల మంది మనవాళ్ళు అరకాను, మణిపురం దారుల్లో అడవుల వెంట నడిచి వచ్చారు. ఆయన రాలేదు. పోయారని కబురూ రాలేదు. వాళ్ళమ్మగారు చివరిదాకా బొట్టు తీయలేదట. అత్తయ్యగారు శ్రీకాకుళం వైపు మేనమామగారింట పెరిగి, పెళ్ళయ్యాక మామగారి ఐ.టి.ఐ. ఉద్యోగంతో దూరవాణి నగర్ చేరారు. ఆ నీళ్ళను ఒక్కసారీ చూడలేదు.

శేషాద్రి ఎక్స్‌ప్రెస్ మన కె.ఆర్.పురం స్టేషనులోనే ఆగుతుంది. మన ఇంటి ముంగిట ఎక్కి కాకినాడలో దిగవచ్చు, ఎక్కడా మారక్కర్లేదు. పులిహోర, పెరుగన్నం సర్దుకున్నాము. సామానులో అత్తయ్యగారి చేతిసంచీ ఒకటి. అందులో చిన్న కాగితం పొట్లం ఉంది. ఏమిటని నేను అడగలేదు.

కాకినాడ నుంచి యానాం వెళ్ళే రోడ్డు మీద సుమారు ఇరవై కిలోమీటర్ల లోపే అభయారణ్యం. 1978లో ప్రకటించారు, 235 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. గోదావరి సముద్రంలో కలిసేచోట ఉప్పునీరూ మంచినీరూ కలిసిన బురదలో పెరిగిన మడ అడవి. దాని మధ్యగా చెక్కలతో కట్టిన కాలిబాట ఉంది. చదునైన దారి కాబట్టి పెద్దవాళ్ళూ మెల్లగా నడవవచ్చు. కొండలెక్కాలనుకున్న మా పెద్దవాడు మొదట మొహం మాడ్చుకున్నాడు. రెండు నిమిషాలే.

కాలిబాటకు రెండువైపులా బురదలోంచి పెన్సిళ్ళు గుచ్చినట్టు వేళ్ళు పైకి లేచి ఉంటాయి. బురదలో గాలి ఆడదు కనుక ఈ చెట్లు వేళ్ళను పైకి పంపి ఊపిరి పీల్చుకుంటాయి. మడ ఆకు నాలికకు తగిలిస్తే ఉప్పగా ఉంటుంది, ఒంట్లోకి వెళ్ళిన ఉప్పును ఆకుల ద్వారా బయటికి పంపేస్తుంది. మా చిన్నది వరసపెట్టి ఆకులు నాకడం మొదలెట్టింది. కూడా వచ్చిన అటవీశాఖ కుర్రాడు గభాల్న చెయ్యి పట్టుకున్నాడు. "అది తిల్ల పాపా, దాని పాలు కళ్ళల్లో పడితే చూపు పోతుంది" అన్నాడు. చిదంబరానికి పాతపేరు తిల్లై అని విన్నారు కదా, ఆ చెట్టే ఇది. పిల్లలతో వెళ్ళేవారు ఈ ఒక్కటి గుర్తుంచుకోండి. మరోరకం చెట్టుకు గింజలు కొమ్మ మీదే మొలకెత్తి మునక్కాడల్లా వేలాడుతుంటాయి. రాలి బురదలో గుచ్చుకుంటే అక్కడే చెట్టు.

బురద మీద గెంతే చేపలు, ఒక చెయ్యి పెద్దదీ ఒకటి చిన్నదీ అయిన పీతలు చూశాము. నీటికుక్కలు, చేపలు పట్టే బావురుపిల్లి కూడా ఈ అడవిలో ఉన్నాయి గాని, బావురుపిల్లి రాత్రిపూట తిరిగే జంతువు. మాకు బురదలో దాని అడుగుజాడలే కనిపించాయి. అవి దానివేనని మా పెద్దవాడు ఈనాటికీ వాదిస్తాడు.

పడవ రేవుకు చేరేసరికి పోటు తీసి పాయలో బురదే మిగిలింది. తప్పు మాదే. పోటు వేళ కనుక్కోకుండా కాకినాడలో టిఫిన్లు, కాజాలంటూ పొద్దెక్కించాము. మళ్ళీ మర్నాడు పొద్దున్నే రమ్మన్నారు. ఆ సాయంత్రం ఉప్పాడ వైపు వెళ్ళాము. జాందానీ చీరల ఉప్పాడే. సముద్రం ఏటేటా ఊరిని కోస్తోంది, ఇళ్ళూ రోడ్డూ పోయిన చోట్లు కళ్ళారా చూశాము. పిల్లలు నీళ్ళలో ఆడతామంటే అక్కడ మాత్రం ఒప్పుకోలేదు. కాకినాడ బీచిలో ఇసుక గూళ్ళు కట్టుకున్నారు.

రాత్రి పిల్లలకు కోరంగి కథ చెప్పాను. ఒకప్పుడు ఇది పెద్ద రేవు, ఓడలు కట్టిన ఊరు. 1789 డిసెంబరులో ఉప్పెన వచ్చి ఊరిని ముంచేసింది. తరవాత కాలంలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఇలాంటి తుఫానుల వివరాలు పోగుచేసి, వాటికి 'సైక్లోన్' అని పేరు పెట్టాడు. కోరంగి ఉప్పెన గురించీ రాశాడు. మళ్ళీ 1839 నవంబరులో ఇంకో ఉప్పెన. రేవు పూడింది, వ్యాపారం కాకినాడకు పోయింది. పేరు మాత్రం దేశాలు తిరిగింది. బర్మాలో, మారిషస్‌లో తెలుగువాళ్ళను 'కోరంగీలు' అనేవారు. బర్మాలో కొందరు దాన్ని తిట్టుగానూ వాడారు. 1845లో 'కోరింగ ప్యాకెట్' అనే ఓడ ఆస్ట్రేలియా పక్క కోరల్ సముద్రంలో పగిలితే, ఆ దీవులకూ అదే పేరు నిలిచింది. "అయితే మనమూ కోరంగీలమేనా?" అంది చిన్నది. మద్రాసీలని పిలిపించుకోవడం కంటే నయమే అనుకున్నాను.

మర్నాడు ఆరు గంటలకే రేవులో ఉన్నాము. పాయల్లో పడవ మెల్లగా వెళుతుంటే రెండువైపులా కొంగలు. పాయ విడిపోయి అఖాతం కనిపించింది. దూరాన సన్నని గీతలా హోప్ ఐలాండ్, గోదావరి ఇసుక పేరి రెండు వందల ఏళ్ళలో తయారైన పదహారు కిలోమీటర్ల ఇసుకదిబ్బ. కాకినాడ రేవుకు అదే అడ్డుగోడ. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అక్కడ గుడ్లు పెడతాయి. గాలి ఎక్కువగా ఉందని పడవ అంతదూరం తీసుకెళ్ళలేదు.

అత్తయ్యగారు పడవ నడిపే ఆయన్ని "రంగం ఎటు నాయనా?" అని అడిగారు.

ఆయన తూర్పుకు చెయ్యి చూపించి, "ఆయ్, మా ముత్తాత కూడా రంగమే ఎళ్ళాడండి మామ్మగారూ" అన్నాడు.

"తిరిగొచ్చాడా?"

"వచ్చాడండి. నడిచే వచ్చాడంట."

తిరిగి వస్తూ చొల్లంగిలో ఆగాము. పుష్య అమావాస్య నాడు ఇక్కడ స్నానంచేసి, కోరంగి మీదుగా గోదావరి పాయలు ఒక్కొక్కటీ సముద్రంలో కలిసే చోటల్లా మునుగుతూ అంతర్వేది చేరడం సప్తసాగర యాత్ర. మన పెద్దవాళ్ళ హైకింగు అది. నీళ్ళ దగ్గర అత్తయ్యగారు సంచీలోంచి పొట్లం తీశారు. నల్లనువ్వులు. మావారు సంగతి గ్రహించి చొక్కా విప్పి నీళ్ళలో దిగారు. తాతగారి గోత్రం ఏమిటని అడిగారు. ఆవిడ చెప్పారు. పేరు కూడా చెప్పారు. ఆ పేరు మేమెవరమూ అంతవరకు వినలేదు. ఆయన దోసిలి పట్టి నిలబడ్డారు. ఆవిడ చాలాసేపు పొట్లం పట్టుకునే ఉన్నారు.

"వద్దులేరా, పైకి రా, జలుబు చేస్తుంది" అన్నారు చివరికి.

ఆ పొట్లం ఇప్పుడు మా వంటింట్లో పోపుల డబ్బా వెనక ఉంది.

వెళ్ళదలచినవారికి: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. తుఫాను హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. పోటు వేళలు, పడవలు నడిచే రోజులు అటవీశాఖ వారిని ముందుగానే అడగండి. నీళ్ళు, టోపీలు, దోమల మందు తప్పనిసరి. కాజాలు తిరుగు ప్రయాణానికే కొనండి, మాలాగా ముందు కొని పోటు పోగొట్టుకోకండి. మా పెద్దవాడు తాబేళ్ళ కోసం ఫిబ్రవరికి మళ్ళీ టిక్కెట్టు కొనమంటున్నాడు. నాన్నమ్మకు కూడా కొనాలట. ఆవిడ కాదనలేదు.