'పిక్' అంటే ఏరటమేనా?



మొన్న సాయంత్రం చాటలో కందిపప్పు పోసుకుని వరండాలో కూర్చున్నాను. ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నోటుపుస్తకం పట్టుకొచ్చి పక్కన చతికిలబడింది. "అమ్మా, 'పిక్' అనే మాటకు అర్థాలు రాసుకు రమ్మన్నారు. ఏరటం అని రాశాను, చాలదూ?" అంది. నా వేళ్ళ మధ్య అప్పుడే ఏరిన మట్టిగడ్డ ఒకటుంది. "చాలకేం!" అనేసి, వెంటనే నాలిక్కరుచుకున్నాను. ఆ ఒక్క మాటతో సరిపెట్టుకుంటే ఏమవుతుందో నేను కళ్ళారా చూసినదాన్ని. ఆ సంగతికి తర్వాత వస్తాను.

నేను పదో తరగతితో చదువు ఆపినదాన్నే గాని, ఇంగ్లీషులో నాకు భయం వేసేవి పెద్ద మాటలు కావు, చిన్న మాటలే. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 ముద్రణలో 'సెట్' అనే క్రియకు 430 అర్థాలు చూపించారు. 2011 నాటికి ఆ నిఘంటువు వాళ్ళే 'రన్' అనే మాటకు 645 లెక్క తేల్చారు. 'పిక్' వాటంత ఘనాపాఠీ కాదు. అయినా దాని సంసారమూ చిన్నదేం కాదు.

ఫోను 'పిక్' చేస్తే ఎత్తటం. కూతురు అన్నం 'పిక్' చేస్తూ కూర్చుంటే కెలకటం. వ్యాపారం 'పికప్' అయితే పుంజుకోవటం. కొత్త ఊరెళ్ళి అక్కడి భాష 'పికప్' చేస్తే, మనం పట్టుబడింది అంటాం. 'పిక్ పాకెట్' వాడు జేబు కొడతాడు. పనిగట్టుకుని తగాదా 'పిక్' చేసేవాడు కయ్యానికి కాలు దువ్వుతాడు. చీరల కొట్లో 'పిక్' చేసేది ఎంచుకోవటం. ఏరి కోరి చేసుకున్న సంబంధమన్నప్పుడు ఆ ఏరటంలో మనసు కూడా ఉంది చూడండి! అన్నట్టు, మన 'పీకు'కూ ఈ 'పిక్'కూ చుట్టరికమేమీ లేదు. మా అమ్మాయి ఆ మాటే అడిగి నవ్వించింది.

ఇక వంటింట్లోకి రండి. కరివేపాకు రెబ్బ నుంచి ఆకు దూస్తాం. తోటకూర లేత కొస గిల్లుతాం. గోంగూర తుంచుతాం. చింతపండులో గింజ తీస్తాం. పప్పులో రాయి ఏరతాం. పెరట్లో మల్లెపూలు కోస్తాం. ఇన్నిటికీ ఇంగ్లీషువాడు చాలాచోట్ల ఒక్క 'పిక్'తోనే గడుపుకోగలడు. వాడి మాట వేళ్ళు చేసే పనిని చూస్తుంది. మన మాటలు ఆ వేళ్ళు పట్టుకున్న వస్తువు ఎక్కడ, ఎలా అంటుకుని ఉందో కూడా చూస్తాయని నాకు అనిపిస్తుంది.

పొలంలో ఈ తేడా మరీ తెలుస్తుంది. మా పుట్టిల్లు పేరులోనే ప్రత్తి ఉన్న ప్రత్తిపాడు వైపు. మా వైపు పత్తిని కొయ్యరు, తీస్తారు. కాయ పగిలి దూది విచ్చుకుంటుంది. డొప్ప చెట్టునే ఉంటుంది, లోపలి దూదిని గింజతో సహా వేళ్ళతో లాగాలి. డొప్ప మొనలు గోళ్ళ పక్కన గీరుకుంటాయి. ఎండుటాకు ముక్క కలిసిందా, సరుకు ధర తగ్గినట్టే. అందుకని అది 'తీత'. మిరపకాయను తొడిమతో సహా చెట్టునుంచి విడదియ్యాలి, కనుక అది 'కోత'. ఆ కాయ కల్లంలో ఎండాక, ఎర్రకాయ మధ్యనుంచి తెల్లబారిన తాలుకాయను వేరుచేస్తారే, అదీ 'ఏరటం'. కుప్ప ముందుండాలి, అందులో మంచీ చెడూ ఉండాలి. అప్పుడే ఏరటం. వరి కోసుకెళ్ళిన మడిలో మిగిలిన వెన్నులను పరిగె ఏరుకుంటారు. ప్రకాశం జిల్లాకు వెళితే పొగాకుకు మళ్ళీ వేరే మాట, ఆకు రెలుస్తారు. ఏ పనికి ఆ పని, ఏ కూలికి ఆ కూలి.

ఇప్పుడు అసలు సంగతి. రెండేళ్ళ కిందట పుట్టింటికి వెళ్ళినప్పుడు, ఆడకూలీల పనిదినాలు లెక్క రాసుకోవటానికి ఒక అమ్మాయి వచ్చింది. పంపినవాళ్ళ పేరెందుకు లెండి. మా పొలానికి ఏళ్ళ తరబడి పనికొచ్చే ఆవిడను అరుగుమీద కూర్చోబెట్టి, "ఏరుడు పనికి ఎన్ని రోజులు పోతవమ్మా?" అని అడిగింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఏరేదెంతమ్మా, కల్లంలో తాలు ఏరటానికి నాలుగు రోజులు పోతానేమో" అంది. ఆ అమ్మాయి 4 అని నొక్కేసింది.

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. "అదిగాదే, పత్తి తీతకు ఎన్నాళ్ళు పోయావు?" అన్నాను. ఆవిడ వేళ్ళు మడిచి ముప్పయ్ అయిదు రోజులంది. "మరి కాయ కోతకో?" "అది చెప్పాలా అక్కా, ఇంచుమించు రెండు నెలలు. ఎండలు ముదిరేదాకా అదే పనిగదా!"

ఆ అమ్మాయి మొహం పాలిపోయింది. తన దగ్గరున్న ప్రశ్న చూపించింది. పైన ఇంగ్లీషులో 'పికింగ్', కింద తెలుగులో 'ఏరుడు'. తప్పు అందామంటే తప్పూ కాదు. తెలంగాణలో పత్తిని ఏరటమే అంటారు, ఆ పిల్లదీ వరంగల్లు వైపే. అక్కడ నిండుగా ఉన్న మాట, ఇక్కడికొచ్చేసరికి నాలుగు రోజుల మాట అయింది. నడుము వంచి మూడు నెలలు చేసిన పని కాగితంలో లేకుండా పోయింది! ఆవిడ లెక్క అప్పటికప్పుడు దిద్దింది పాపం. "నిన్న రెండు ఊర్లు అయిపోయినయి ఆంటీ" అని మాత్రం చిన్నగా గొణిగింది.

ఇలాంటి చోట అక్కరకొచ్చే పుస్తకం మనకు లేక కాదు. 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటం వేసింది. అంతా వ్యవసాయం మాటలే. జిల్లా జిల్లాలో రైతుల నోట విని కూర్చినవి. సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1928లో ఒంగోలులో పుట్టిన మనవాడే. 1971లో చేనేత మాటల సంపుటమూ వచ్చింది. ప్రశ్నలు తయారుచేసేవాళ్ళు ఒక పూట దాని ముందు కూర్చుంటే ఎంత బాగుండును!

ఇంగ్లీషు బీద భాష అని నేననటం లేదు. పని తెలిసినచోట వాళ్ళకూ మాటలు పుట్టాయి. అమెరికాలో పత్తిని యంత్రాలు తీస్తాయి గదా. విచ్చుకున్న దూదిని మాత్రమే లాగే యంత్రం 'పికర్'. టెక్సాస్ మైదానాల్లో ఎక్కువగా వాడే ఇంకో రకం కాయనంతా డొప్పతో సహా దూసేస్తుంది, దాన్ని 'స్ట్రిప్పర్' అంటారు. అచ్చం మన తీతా, దూతా!

మా అమ్మాయి చివరికి తన పుస్తకంలో ప్లక్, గ్యాదర్, చూజ్, సెలెక్ట్ అని మేష్టారికి కావలసినవి రాసుకుంది. వెనక అట్టమీద మాత్రం ఏరు, కోయు, తీయు, తుంచు, గిల్లు అని తెలుగులో రాసి, "దూయటమంటే ఏమిటన్నావూ?" అంది. రాత్రి చారు పోపుకోసం తెచ్చిన కరివేపాకు కట్ట దాని ఒళ్ళో పడేశాను.