ఒక్క మాటతో మొదలుపెట్టండి

“నా తెలుగు అంతంత మాత్రమే” అని వెనకాడుతున్నారా? మలయా తోటలకు వచ్చిన మన పెద్దలు మనకు ఇచ్చింది నోటి మాటే. సాఫ్ట్‌వేర్‌కూ అదే కావాలి.

వికీపీడియాను నడిపే మీడియావికీ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. దాని బటన్ల పేర్లను ట్రాన్స్‌లేట్‌వికీ సైటులో వాలంటీర్లే తెలుగు చేస్తారు. కోడ్ రానక్కరలేదు. బుకిట్ బటోక్‌లో ఇంట్లో కూర్చునే చేయవచ్చు.

ఖాతా తెరిచి, తెలుగు ఎంచుకుని, ఒక చిన్న మాట తీసుకోండి. ఉదాహరణకు ‘సేవ్’. అమ్మమ్మను అడిగితే ‘దాచు’ అంటుంది. కానీ ‘దాచు’ అంటే కనబడకుండా చేయడం కూడా! ‘హైడ్’ బటన్‌కు సరిపోయేది ఆ మాటే. అందుకే ‘సేవ్’కు ‘భద్రపరచు’ నయం. మాట ఎక్కడ వాడతారో పక్కనున్న వివరణలో చూడండి. వాక్యంలో $1 కనిపిస్తే చెరపకండి. అక్కడికి పేరో సంఖ్యో వస్తుంది.

తప్పు రాస్తే? మరొకరు దిద్దుతారు. అది చూసి మీరూ నేర్చుకుంటారు.