మాట పుట్టిన చోటనే: చలనచిత్రములలో స్థలశబ్దగ్రహణము

కదిరి నుండి మదనపల్లెకు పోవు రహదారిమీద తనకల్లు ఒక మండలకేంద్రము. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. చుట్టును మెట్టచేలు, వానకారున వేరుసెనగ ప్రధానమైన పంట. ధర్మవరము నుండి పాకాలకు పోవు రైలుమార్గము కూడ ఈ యూరిమీదుగనే సాగును. కన్నడ దేశపు పొలిమేర దూరము కాదు.

ఇట్టి యూరిలో ఒక చిత్రబృందము కెమెరాను నిలిపినదని యనుకొందము. అరుగుమీద కూర్చున్న ముదుసలి యొకడు, "రాత్రి సంగటి తింటిమి, తెల్లారినాక చేనికాడికి పోతిమి అప్పా" అని పలికినాడు. దృశ్యము చక్కగా వచ్చినది. కాని యాతడు పలుకుచుండగనే రహదారిమీద లారి యొకటి హారను మ్రోగించినది. గాలి మైకుమీద కొట్టినది. "పోనిండు, డబ్బింగులో చూచుకొందము" అని యెవరో యనిరి. కొన్ని నెలల పిమ్మట పట్టణమునందలి స్టూడియోలో, ఆ యూరిని ఎన్నడును చూడని కంఠ మొకటి, "రాత్రి సంగటి తిన్నాం, తెల్లవారాక చేనికి వెళ్ళాం" అని పలికినది. పెదవుల కదలికకు మాట సరిపోయినది. కాని ముదుసలి పలికిన మాట మాత్రము పోయినది.

ఆ పోయినది ఏమో తెలుగు ఉపాధ్యాయులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. "తింటిమి, పోతిమి" అనునవి బడిపిల్లలకు వ్యాకరణ పుస్తకములలోని భూతకాల రూపములు. రాయలసీమ పల్లెలలో అవి నాలుకమీది మాటలు. గ్రంథములలో మాత్రమే మిగిలినవని కొందఱు తలచు రూపములను చదువురాని ముదుసలి సహజముగ పలుకుచుండగా, శిష్టోచ్చారణ గల పరాయి కంఠము వానిని తుడిచివేయుచున్నది. కనుక చిత్రీకరణస్థలముననే శబ్దమును గ్రహించుట కేవలము యంత్రజ్ఞుల వ్యవహారము కాదు. భాషాభిమానులును తెలిసికొనదగిన విద్య.

ఆరంభదశలో అంతయు స్థలశబ్దమే

మాటాడు చిత్రములు పుట్టినప్పుడు ఇతర మార్గమే లేదు. 1931 మార్చి 14న బొంబాయి నగరములో విడుదలయిన "ఆలమ్ ఆరా" మన దేశపు తొలి టాకీ. నిర్మాత, దర్శకుడు అర్దేషిర్ ఇరానీ. బొమ్మయు శబ్దమును ఒకే ఫిల్ముమీద ముద్రించు తానార్ యంత్రముతో అది తీయబడినది. స్టూడియో ప్రక్కనే రైలుమార్గ ముండుటచే, రైళ్ళు సద్దుమణిగిన రాత్రివేళలలో చిత్రీకరణ సాగించిరి. మైకులను తెరమీద కనబడకుండ నటుల చెంత దాచిరి. అట్లు రైలుకూతకు జడిసి నిద్ర మానుకొన్నవారితోనే మన దేశమున ఈ విద్య మొదలయినది.

తొలి సంపూర్ణ తెలుగు టాకీ "భక్త ప్రహ్లాద" హెచ్. ఎమ్. రెడ్డి దర్శకత్వమున బొంబాయిలోనే తయారయి 1932 ఫిబ్రవరి 6న విడుదలయ్యెను. అందలి నటీనటులు పలుకవలసినదియు పాడవలసినదియు కెమెరా యెదుటనే. ముందుగ పాటను ముద్రించి పెదవి కదలించు నేపథ్యగాన పద్ధతి 1935 నుండి మన దేశమున వ్యాపించినది. అనంతపురము జిల్లా తాడిపత్రిలో పుట్టిన బళ్ళారి రాఘవ 1939 నాటి "రైతుబిడ్డ"లో నటించినాడు. అట్టి మహానటుని వాచికమును వేఱొక గొంతునకు అప్పగింపవచ్చునని యెవరైన నాడు తలచియుందురా?

మాట స్థలమును వీడిన విధము

స్టూడియో గోడలను దాటి చిత్రములు వెలుపలికి వచ్చినకొలది చిక్కులు పెరిగినవి. చేతితో మోసికొనిపోదగిన తేలిక కెమెరాలు అందుబాటులోనికి వచ్చినవి గాని, వాని గరగరధ్వని నటుని మాటతో పోటీపడుచుండెను. ధ్వనిని అణచు బరువైన తొడుగులు వేసినచో తేలికదనమే పోవును. అందుచే స్థలమున ఆనవాలుకై మాత్రమే శబ్దమును పట్టి, పిదప స్టూడియోలో పలికించుట ఆచారమయినది. సౌకర్యముకొఱకు వచ్చిన పద్ధతి అలవాటయి, అలవాటు శాస్త్రమువలె పాతుకొనినది. అంతట పలుకునది యొకరు, కనబడునది యొకరు అగుట తెలుగు తెరకు సహజమయ్యెను.

యంత్రము లేక ఇట్లయినదనుటయు పూర్తిగ నిజము కాదు. పోలండు దేశమున పుట్టి స్విట్జర్లాండులో స్థిరపడిన స్టెఫాన్ కుడెల్‌స్కీ 1951లో "నాగ్రా" అను చేతిపెట్టె టేపురికార్డరును నిర్మించెను. పోలిష్ భాషలో ఆ మాటకు "ముద్రించును" అని యర్థము. 1950ల చివర వచ్చిన ట్రాన్సిస్టరు నాగ్రా లోకమంతట చిత్రబృందముల భుజముల కెక్కినది. బండెడు సామగ్రి చేయు పనిని ఒక పెట్టె చేయసాగెను. అయినను మన ప్రధాన చిత్రములలో డబ్బింగుదే పైచేయిగ నిలిచెను.

ఆ తీరు మెల్లగ మారినది. కచ్ ప్రాంతమున భుజ్ చెంత చిత్రీకరింపబడి 2001లో విడుదలయిన "లగాన్" స్థలశబ్దముతో తీసిన పెద్ద చిత్రము. దాని శబ్దమునకు హెచ్. శ్రీధర్, నకుల్ కామ్టే జాతీయ పురస్కారమును పొందిరి. 2009 సంవత్సరపు చిత్రములు మొదలుకొని జాతీయ పురస్కారములలో స్థలశబ్దగ్రాహకునకు ప్రత్యేక స్థాన మేర్పడి కొన్నియేండ్లు నడిచినది. తెలుగున 2018 నాటి "కేరాఫ్ కంచరపాలెం" ఆ వాడవారినే నటులుగ నిలిపి, వారి మాటను స్థలముననే పట్టినది.

అయినను ఈ కళను గుర్తించుట యెంత కష్టమో 2022లో వెల్లడియయినది. ఆ యేట ప్రకటించిన జాతీయ పురస్కారములలో స్థలశబ్దమునకు ఎన్నికయిన చిత్రము నిజమునకు స్టూడియోలో డబ్బింగు చేయబడినదని ఆ చిత్రపు శబ్దరూపకర్తయే బహిరంగముగ తెలిపెను. వినుట యను విద్యలో లోకమింకను బాలశిక్షయందే యున్నదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

పరికరముల యెన్నిక

పరికరములు కొనబోవువారు మొదట రికార్డరు వెల నడుగుదురు. మొదట అడుగవలసినది వేఱు: మైకు నోటికెంత దూరమున నుండగలదు? ఆరుబయట దూరము రెట్టింపయినచో మాట తీవ్రత నాల్గవవంతగును. మూడడుగులనుండి ఆఱడుగులకు జరిగిన మైకునకు మాట తగ్గును గాని, రహదారి చప్పుడు తగ్గదు. వెలగల మైకు పదియడుగుల దూరమున నుండుటకంటె, సామాన్యమైన మైకు రెండడుగుల దూరమున నుండుట మేలు. ఈ యొక్క సూత్రము తెలిసినవానికి ఈ విద్యలో సగము తెలిసినట్లే.

మైకులలో పెక్కు తెగలు గలవు. అన్నివైపులనుండి సమముగ వినునవి కొన్ని. ఎదుటనుండి వచ్చు ధ్వనిని ఎక్కువగ గ్రహించునవి కొన్ని. సన్నని గొట్టమువలె పొడవుగ నుండు "షాట్‌గన్" మైకు ప్రక్కల ధ్వనిని కొంత త్రోసిపుచ్చి ముందరి ధ్వనిని గ్రహించును. అది దూరదర్శిని వంటిదని కొందఱు భ్రమపడుదురు. అది దూరపు మాటను దగ్గఱకు లాగదు. లారి యింజను గుఱగుఱ వంటి మంద్రధ్వనులను ప్రక్కలనుండియు చాలవఱకు రానిచ్చును. పొలములో చక్కగ పనిచేయు ఆ గొట్టమే, రాతిగోడల చిన్న గదిలో ప్రతిధ్వనులచే మాటను బోలుగ చేయును. గదిలో పొట్టి మైకు ఉత్తమము. ఇట్టి కండెన్సరు మైకులలో పెక్కింటికి రికార్డరు నుండి 48 వోల్టుల విద్యుత్తు అందవలసియుండును గనుక, అది యిచ్చు రికార్డరునే యెన్నుకొనవలెను.

మైకును పొడవాటి "బూమ్" కఱ్ఱకు తగిలించి, చిత్రపు చట్రమునకు పైన, నోటివైపు వంచి పట్టుదురు. పట్టువాడు కేవలము కఱ్ఱ మోయువాడు కాడు. సంభాషణలన్నియు వానికి కంఠస్థములై యుండవలెను. ఎవరెప్పుడు పలుకుదురో, ఎవరెప్పుడు తల త్రిప్పుదురో యెఱిగి, నీడ పడకుండ, చప్పుడు లేకుండ మైకును త్రిప్పవలెను. హరికథలో మృదంగ విద్వాంసుడు కథకుని ముఖమును కనిపెట్టుకొనియున్నట్లే యిదియు.

బూమ్ చేరరాని దూరదృశ్యములలో ఱొమ్మున దాచు చిన్న మైకు, దానికి తోడు రేడియో ప్రసారిణి ఉపయోగపడును. కాని బట్ట రాపిడి దానికి శత్రువు. ఉతికి మెత్తబడిన నూలుబట్ట మంచిది. గంజిపెట్టిన చొక్కాయు, జిలుగు చీరయు, గొలుసుల గలగలయు మాటను చెఱచును. అందుచే శబ్దగ్రాహకుడు వేషధారణశాఖవారితో ముందుగనే మాటాడవలెను.

ఆషాఢశ్రావణములలో అనంతపురపు మెట్టలమీద వీచు గాలి యెట్టిదో ఆ ప్రాంతమువారి కెఱుకయే. మైకునకు తొడుగు నురుగుతొడుగు ఆ గాలికి చాలదు. గాలిబుట్ట వంటి పంజరమును, దానిపై బొచ్చుతొడుగును వేయవలెను. ముద్రితమైన గాలిదెబ్బను పిదప ఏ యంత్రమును పూర్తిగ తొలగింపజాలదు.

ఇక రికార్డరు. నేటివి డిజిటలు యంత్రములు. సెకనునకు 48,000 మార్లు ధ్వనిని కొలిచి, 24 బిట్ల సంఖ్యలుగ వ్రాసికొనుట చిత్రములకు పరిపాటి. సెకనునకు 24 బొమ్మలు గనుక ఒక్కొక్క బొమ్మకు 2,000 కొలతలు. డిజిటలు ముద్రణలో సున్న డెసిబెల్ అనునది కడపటి గీత; దానిని దాటిన ధ్వని చిందరవందరయగును. అందుచే సామాన్యసంభాషణను ఆ గీతకు 20 మొదలు 12 డెసిబెల్‌ల దిగువన నిలుపుదురు. అఱపునకు చోటు మిగులును. 32 బిట్ల ఫ్లోట్ పద్ధతి యంత్రములు ఈ భయమును చాల తగ్గించినవి. కాని మైకు దూరముగ నున్న దోషమును అవియు దిద్దలేవు.

కెమెరాయు రికార్డరును వేఱువేఱు గడియారములతో నడచును. అవి సెకనులో లక్షవవంతు భేదించినను, గంట గడచుసరికి దాదాపు ఒక బొమ్మంత యెడమగును. కావుననే నటన ఆరంభమున పలక చఱుతురు. చెక్కలు తాకిన బొమ్మను, తాకిన చప్పుడును జతపఱుతురు. అది వేడుక కాదు, లెక్క. సంకేతకాలమును రెండు యంత్రములకును అందించు సాధనములు వచ్చినను పలక మానరు.

స్థలమును చెవితో చూచుట

పరికరములన్నిటిలో ముఖ్యమైనది చెవి. స్థలమును ఎన్నుకొనుటకు కన్నులతో పోవువారు, చెవులతోను పోవలెను. అదియు చిత్రీకరణ జరుగు వేళకే పోవలెను. ఉదయము నిశ్శబ్దముగ నున్న చేను, వ్యవసాయవిద్యుత్తు రాగానే బోరుమోటార్లతో మ్రోగును. తనకల్లు వంటి యూరిలో రైలు వేళలు, రహదారి రద్దీ, గుడిమైకు వేళలు, వేరుసెనగ నూర్పిడి యంత్రములు తిరుగు దినములు ముందుగ వ్రాసికొనవలెను. జనరేటరును గోడచాటున దూరముగ నిలుపవలెను. ఇంటిలోని ఫ్రిజ్జు నాపినవారు తమ బండి తాళమును అందులోనే యుంచుట ఈ వృత్తిలో ప్రసిద్ధమయిన ఉపాయము. మరల దానిని నడిపింపక ఇల్లు కదలజాలరు గదా!

పని ముగిసిన వెంటనే అందఱును కదలక నిలిచి, ఆ స్థలపు నిశ్శబ్దమును ఒక నిమిషము ముద్రింపవలెను. నిశ్శబ్దమెక్కడ నైన నొకటే యనుట పొరపాటు. గుట్టక్రింది యూరి నిశ్శబ్దము వేఱు, చెఱువుగట్టు నిశ్శబ్దము వేఱు. కత్తిరించి కూర్చిన మాటల నడుమ అతుకులు వినబడకుండ కాచునది ఆ ఒక్క నిమిషమే.

డబ్బింగును పూర్తిగ నిందించుటయు న్యాయము కాదు. తుపానుగాలిలోను, సంతనడుమను, పోరాటదృశ్యములలోను అదియే శరణ్యము. ఎందఱో కంఠకళాకారులు దానివలన కీర్తిని, జీవికను పొందిరి. దోషము డబ్బింగునందు లేదు. "డబ్బింగులో చూచుకొందము" అను సోమరితనమునందు కలదు. తప్పనిసరియైనచో ఆ ముదుసలినే స్టూడియోకు పిలిపింపవచ్చును. లేదా దృశ్యము ముగిసిన వెంటనే కెమెరా నాపి, చాటుకు తీసికొనిపోయి, అవే మాటలను మరల పలికించి ముద్రింపవచ్చును. దీనికి వ్యయము లేదు; పది నిమిషముల ఓపిక చాలును.

ఈ విద్య చిత్రబృందములకే పరిమితము కానక్కఱలేదు. నేడు పెక్కు విద్యార్థుల యిండ్లలో చేతిఫోను కలదు. దానికి చౌకయైన చిన్న మైకు నొకటి తగిలించి, అవ్వ యనుమతి నడిగి, జానెడు దూరమున నిలిపి, పంకా నాపి, పైన చెప్పిన సూత్రములను పాటించినచో చాలును. విత్తనాల కాలపు మాటలు, సంగటి కెలుకు వేళ చెప్పు కథలు, మానుల పేర్లు, రోగముల పేర్లు పదిలముగ నిలుచును. ముద్రించిన దినమును, ఊరిపేరును చివర పలికి చేర్చినచో అది రేపటి నిఘంటుకారునకు ఆధారమగును. ఉపాధ్యాయుడు ఏడాదికొక తరగతిచేత ఈ పని చేయించినను, ఊరి నాలుక పదేండ్లలో ఒక చిన్న భాండాగారమగును.

ముదుసలి అరుగుమీద చిరకాలము కూర్చుండడు. ఆతడు "పోతిమి" అన్నప్పుడు మైకు దగ్గఱగ నుండవలెను.