గుంటూరికి ఏ దారి?

ప్రయాణమనగానే మూటలు కట్టుటయందును, పిల్లలకు చిరుతిండ్లు సవరించుటయందును మన స్త్రీలు చూపు శ్రద్ధ అందరెరిగినదే. కాని చేతిలోని టిక్కెట్టు ఏ దారికి చెల్లునో చదివి చూచుకొను నలవాటు మనలో చాలమందికి లేదు. అది మగవారి పనియని యూరకుందుము. మేమును మొన్నటివరకు అట్లే యుంటిమి. మాకు జరిగినది చెప్పినచో సోదరీమణులకు ఉపయోగపడునని దీనిని వ్రాయుచున్నాము.

సికిందరాబాదునుండి గుంటూరునకు రెండు దారులు గలవు. ఒకటి కాజీపేట, వరంగల్లు, ఖమ్మము, విజయవాడల మీదుగా పోవునది. గోల్కొండ ఎక్స్‌ప్రెస్సు ఈ దారినే నడచును. రెండవది నల్లగొండ, మిర్యాలగూడ, నడికుడి మీదుగా పోవునది. పల్నాడు ఎక్స్‌ప్రెస్సు ఈ దారిది. మొదటిది సుమారు 380 కిలోమీటర్లు, రెండవది సుమారు 280. చార్జీ దూరమును బట్టి యుండును గనుక ఊరు ఒక్కటే యైనను రెండు దారులకును వెల యొక్కటి కాదు. చిక్కంతయు నిచ్చటనే యున్నది.

మా అత్తగారి చెల్లెలు గుంటూరున ఆసుపత్రిలో నున్నదని కబురు వచ్చినది. ఖమ్మమున మా యాడుబిడ్డ మాతో కలియవలసియుండెను. అప్పటికప్పుడు రిజర్వేషను దొరకలేదు. సాధారణపు టిక్కెట్ల కిటికీయొద్ద ముప్పావుగంట నిలిచి, "గుంటూరుకు రెండు, ఖమ్మం మీదుగా" అని యడిగితిమి. అద్దము వెనుకనున్న గుమాస్తా తలయెత్తలేదు. "గుంటూరేగా?" అనెను. ఖమ్మము దారిని కావలెనని మరల జెప్పితిమి. "ఏ దారైతేనేమమ్మా, ఊరొక్కటే. వెనకాల జనం ఉన్నారు, జరగండి" అని టిక్కెట్టును చిల్లరను ఇవతలికి ద్రోసెను. వెనుకనున్నవారును తొందరపెట్టిరి. మేము జరిగితిమి.

వరంగల్లు దాటిన పిమ్మట టిక్కెట్లు తనిఖీచేయు నుద్యోగి వచ్చెను. మా టిక్కెట్టు చూచి, "ఇది నల్లగొండ దారిదమ్మా, ఈ బండికి చెల్లదు" అనెను. కిటికీయొద్ద జరిగినదంతయు చెప్పితిమి. ఆయన మర్యాదగానే విన్నాడు గాని, కాగితముమీద నున్నదే తనకు ప్రమాణమనెను. దారిభేదమునకు సొమ్మును, దానిపై జరిమానాయును కట్టవలసివచ్చెను. మా సంచిలోని సొమ్ము ఆసుపత్రికని వేరుగా నుంచినది. మా అత్తగారు మాటలాడక తన కొంగుముడి విప్పి నోట్లు లెక్కపెట్టి యిచ్చిరి. పెట్టెలోనివారందరును మావైపే చూచుచుండిరి. ఆమెకు డెబ్బది యేండ్లు. "డబ్బులిచ్చి కొన్నాం గదే అమ్మాయీ, దొంగల్ని చూసినట్టు చూస్తున్నారేం?" అని యామె మెల్లగా నడిగినప్పుడు మాకు బదులు తోచలేదు. పోయిన సొమ్ముకంటె ఆ మాటయే మాకు ఎక్కువ బాధ కలిగించినది.

పిమ్మట విచారింపగా తెలిసినదేమన, ఊరి పేరు మాత్రము చెప్పిన గుమాస్తాలు సాధారణముగా దగ్గరి దారికే టిక్కెట్టు తీయుదురు. వేరుదారి కావలసినచో దానిని ప్రత్యేకముగా నెన్నుకొనవలెను. ఏ దారియో టిక్కెట్టుమీదనే ముద్రింతురు గాని, ఊళ్లపేర్లకు బదులుగా ఇంగ్లీషు పొడియక్షరములలో నుండును. కే.జెడ్.జే. యన్న కాజీపేట. ఎన్.ఎల్.డి.ఎ. యన్న నల్లగొండ. బి.జెడ్.ఎ. యన్న విజయవాడ, బెజవాడ యను పాతపేరు దానిలో నింకను నిలిచియున్నది. రిజర్వేషను టిక్కెట్టుమీద బండి సంఖ్యయే యుండును గాన అందు ఈ చిక్కు లేదు.

గుంటూరి మాట యటుండ, తిరుపతికి దారులు ఇంకను ఎక్కువ. హైదరాబాదునుండి కాజీపేట, విజయవాడ, గూడూరుల మీదుగా పోవచ్చును. నల్లగొండ, గుంటూరు, తెనాలి మీదుగా పోవచ్చును. మహబూబునగరము, కర్నూలు, కడప మీదుగాను పోవచ్చును. మ్రొక్కు తీర్చుకొనబోవు ముసలివారిలో ఈ భేదము నెరిగినవారెందరు?

గుమాస్తాల పక్షమునను చెప్పవలసినది గలదు. గంటలకొలది అద్దము వెనుక గూర్చుండి, మైకులో సగము వినబడి సగము వినబడని మాటలకు బదులు చెప్పుచు, చిల్లర తగవులు తీర్చుట సులభము కాదు. అయినను "ఏ దారమ్మా?" యని యడుగుటకు ఎంతసేపు పట్టును? అడుగకపోగా, మేము చెప్పినదియు వినకపోవుట పనియెక్కువై చేసిన తప్పని మేము ఒప్పుకొనజాలము.

చట్టమును మన కొంత తోడున్నది. 1989 నాటి రైల్వేచట్టము 49వ సెక్షను ప్రకారము ప్రతి స్టేషనులోను బండ్ల వేళలను, చార్జీల పట్టికను హిందీ, ఇంగ్లీషులతోబాటు ఆ ప్రాంతపు భాషలోను అందరికి కనబడునట్లు అంటింపవలెను. 58వ సెక్షను ప్రతి ప్రయాణీకుల బండిలోను స్త్రీలకు ప్రత్యేకముగా ఒక గదినైనను కొన్ని సీట్లనైనను కేటాయింపుమనుచున్నది. 139వ సెక్షను మరియు ముఖ్యము. సరియైన టిక్కెట్టులేక, సొమ్ము కట్టనివారిని బండినుండి దింపవచ్చును గాని, మగతోడులేని స్త్రీని ఎక్కడబడిన నక్కడ దింపరాదు. ఆమె బయలుదేరిన స్టేషనులో గాని, జంక్షనులో గాని, చివరి స్టేషనులో గాని, జిల్లా ముఖ్యపట్టణపు స్టేషనులో గాని మాత్రమే, అదియు పగటివేళనే, దింపవలెను. ఈ సంగతి ఒంటరిగా ప్రయాణముచేయు ప్రతి స్త్రీయు నెరిగియుండుట మంచిది.

తిరుగు ప్రయాణమున మా యాడుబిడ్డను ఖమ్మమున దింపవలసి యుండెను. ఈసారి ఒక చీటిమీద "సికిందరాబాదుకు, విజయవాడ, ఖమ్మం, కాజీపేట మీదుగా" అని వ్రాసి కిటికీలో నుంచితిమి. అచ్చటి గుమాస్తా చదివి, టిక్కెట్టు తీసి, దారి ముద్రించిన చోటును వ్రేలితో చూపి, "సరేనా అమ్మా?" యనెను. అరనిమిషము పట్టలేదు.

కాబట్టి బయలుదేరుటకు ముందే బండి యే దారిని పోవునో తెలిసికొనుడు; 139 సంఖ్యకు ఫోను చేసిన విచారణకు బదులు దొరకును. దారి పేరు చీటిమీద వ్రాసియిండు. చేతిఫోనులో కొనువారు దారిని తామే యెన్నుకొని మరియొకమారు చూచుకొనుడు. వెనుకనున్నవా రెంత తొందరపెట్టినను టిక్కెట్టు చదువకుండ కిటికీ విడువకుడు. పొరపాటున్నచో అచ్చటనే మార్పింపుడు. ఆ యరనిమిషము మేము నిలువనందున మా అత్తగారు కొంగుముడి విప్పవలసివచ్చినది.