ఏ తూటాకు ఏ మందు?



మా మేనమామకు కుడిచేతి బొటనవేలు సగమే ఉండేది. కోలారు జిల్లా పొలిమేరలో ఆయనకు శెనక్కాయల చేను. రాత్రిపూట అడవిపందులను బెదరగొట్టడానికి ఇంట్లో లైసెన్సున్న నాటు తుపాకి ఒకటి ఉండేది. మూతి నుంచి మందు పోసి దట్టించే రకం. ఒక ఏడు మామూలుగా వాడే మందు అయిపోయింది. ఎవరో ఇచ్చిన పన్నెండు బోరు తూటాలు కోసి, వాటిలోని మందు తీసి, ఎప్పటి వెదురు గొట్టంతోనే ఎప్పటిలాగే కొలిచి పోశాడు. కొలత తప్పలేదు, మందే తప్పింది. తుపాకి గొట్టం అరటి తొక్కలా చీలిపోయింది.

ఆ సంగతి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందంటే, టెక్సస్‌లో స్థిరపడిన నా పాత విద్యార్థి ఒకడు ఒక ప్రశ్న అడిగాడు. అక్కడ గురి పోటీలకు వెళ్లేవాళ్లు తమ తూటాలను తామే నింపుకుంటారు. పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని బాగుచేసి, కొత్త క్యాపు బిగించి, మందు పోసి, గుండు కూర్చుతారు. "సార్, నా ట్రిపుల్ టూ రైఫిలుకు ఏ మందు మంచిది?" అని వాడి ప్రశ్న. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. కనుక ఇంట్లో చేసి చూడమని నేను చెప్పడం లేదు. అయితే ఆ ప్రశ్నకు జవాబు వెతికితే మా మామ బొటనవేలి లెక్క కూడా తేలుతుంది.

పాతకాలపు మందు సూరేకారం, గంధకం, బొగ్గు కలిపినది. నల్లగా ఉంటుంది. నల్లమందు అందామంటే మనకు అది అభిని! అందుకే తుపాకిమందు అనే అంటున్నాను. అది కాలితే సగానికి పైగా గట్టి పదార్థమే మిగులుతుంది. ఆ దట్టమైన పొగా, గొట్టంలో పేరుకునే మసీ అదే. 1884లో ఫ్రాన్సులో పాల్ వియే అనే రసాయనవేత్త నైట్రోసెల్యులోజ్‌తో పొగ రాని మందు తయారు చేశాడు. నైట్రోసెల్యులోజ్‌కు మూలం పత్తి, మన ఆదోని చేలల్లో పండేలాంటి పత్తే. తరువాత అయిదేళ్లకు ఇంగ్లండులో తాడులా ఉండే కార్డైట్ వచ్చింది. నీలగిరి రైల్లో ఊటీకి వెళ్లినవాళ్లు అరువంకాడు స్టేషను చూసే ఉంటారు. అక్కడి ఫ్యాక్టరీకి ఆ కార్డైట్ పేరే పెట్టారు.

కొత్త మందుకు బలం ఎక్కువ అన్నది సగం మాటే. అసలు తేడా మండే తీరులో ఉంది. ఆరుబయట కుప్పగా పోసి అంటిస్తే పొగలేని మందు బుస్సుమని మండి ఊరుకుంటుంది. మూసిన చోట అలా కాదు. ఒత్తిడి పెరిగినకొద్దీ అది ఇంకా వేగంగా మండుతుంది, ఆ మంట వల్ల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. పాత మందులో ఈ గుణం బాగా తక్కువ. మామ తుపాకి గొట్టం పాత మందుకు సరిపోయే గొట్టం.

ఇక నా విద్యార్థి ప్రశ్న. పొయ్యి ముట్టించిన ప్రతి ఇల్లాలికీ దీని జవాబు సగం తెలుసు. తాటాకు భగ్గున మండి ఆరిపోతుంది. చిదుగులు కాసేపు మండుతాయి. చింతమొద్దు తెల్లవార్లూ కాలుతుంది. తుపాకిమందుల్లోనూ తాటాకులున్నాయి, మొద్దులున్నాయి. పలుకుల సైజు, ఆకారం, పైన పూసిన పూతలను బట్టి మండే వేగం మారుతుంది. మందు ఎప్పుడూ పైపొర నుంచే మండుతుంది. సన్నటి పుల్లలా చేసి మధ్యలో రంధ్రం పెడితే, వెలుపలి పొర తరిగేకొద్దీ లోపలి రంధ్రం పెద్దదవుతుంది. మండే వైశాల్యం ఇంచుమించు ఒకేలా నిలుస్తుంది. ఎంత తెలివైన లెక్కో చూడండి!

ట్రిపుల్ టూ అంటే 1950లో రెమింగ్టన్ కంపెనీ తెచ్చిన తూటా. రూపొందించినవాడు మైక్ వాకర్ అనే ఇంజనీరు. గుండు అడ్డకొలత 5.7 మిల్లీమీటర్లు, పెన్సిలు కన్నా సన్నం. బరువు మామూలుగా 50 గ్రెయిన్లు. ఈ గ్రెయిను మన పెద్దవాళ్లకు కొత్త కాదు, పాత తులానికి 180 గ్రెయిన్లు. కంసాలి తూచే గురిగింజ రెండు గ్రెయిన్లకు కాస్త తక్కువ. అంటే ఆ గుండు 27 గురిగింజల ఎత్తు. అది సెకనుకు 3,000 అడుగులకు మించిన వేగంతో బయలుదేరుతుంది. ఆ క్షణంలో లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 50,000 పౌండ్ల దాకా వెళ్లవచ్చు. లారీ టైరులో ఉండేది సుమారు 100.

చిన్న తూటా, తేలిక గుండు. గుండు చటుక్కున కదులుతుంది. మొద్దులాంటి మందు పోస్తే అది పూర్తిగా మండకముందే గుండు గొట్టం దాటిపోతుంది. పిస్తోలుకు వాడే తాటాకు రకం పోస్తే గుండు కదిలేలోపే ఒత్తిడి మితిమీరుతుంది. అందుకే ఈ తూటాకు రైఫిలు మందుల్లో కాస్త చురుకైనవి వాడతారు. ఐఎంఆర్ 4198, హెచ్ 322, ఫిన్లాండు వారి ఎన్ 133 పేరున్నవి. అదే గుండును ఇంకా పెద్ద తూటాలో పెడితే మరింత నిదానమైన మందు కావాలి. గుండు బరువు పెరిగినా అంతే.

వేగం సరిపోయినంత మాత్రాన గురి కుదరదు. మందు గొట్టాన్ని దాదాపు నింపాలి. సగమే నిండితే లోపల ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కు ఒరుగుతుంది. క్యాపు మంట ప్రతిసారీ ఒకేలా అంటుకోదు. కొలతలోనూ ఒక చిక్కుంది. గుండ్రటి పలుకుల మందు రాగుల్లా జారుతుంది, కొలపాత్రలో చక్కగా సర్దుకుంటుంది. పుల్లల మందు జీలకర్రలాంటిది, అడ్డం పడుతుంది, సందులు వదులుతుంది. అయినా గురి పోటీల వాళ్లు ఎక్కువమంది పుల్లల రకమే ఇష్టపడతారు, ఓపికగా తూచుకుంటారు. ఎండా చలీ కూడా చూడాలి. ఎన్ 133 వాతావరణానికి బాగా స్పందిస్తుందని పేరు. అందుకే కొందరు మైదానంలోనే కూర్చుని, ఆనాటి వేడిమిని బట్టి ఒక ఆటకూ మరో ఆటకూ నడుమ తూటాలు నింపుకుంటారు.

మావాడు మూడు గుళ్లు కాల్చి, మూడూ రూపాయి బిళ్లంత చోట పడ్డాయని సంబరపడ్డాడు. నేను ఒప్పుకోలేదు. మూడు ప్రశ్నల పరీక్షలో మూడూ రాసిన పిల్లవాడికి ఫస్టు ర్యాంకు ఇస్తామా? అయిదేసి గుళ్లు, వేర్వేరు రోజుల్లో, మందు ఒక్కటే మార్చి, గుండూ క్యాపూ మార్చకుండా కాల్చి చూడమన్నాను. చూశాడు. మూడు గుళ్లతో మొదటి స్థానంలో ఉన్న మందు మూడో స్థానానికి దిగింది.

2024 పారిస్ ఒలింపిక్స్‌లో కొల్హాపూర్ జిల్లా కుర్రవాడు స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల రైఫిల్ పోటీలో కంచు పతకం తెచ్చాడు కదా, అతను ఏ మందు వాడాడని అడుగుతారేమో. ఆ పోటీలో వాడే చిన్న తూటాకు క్యాపు విడిగా ఉండదు, మంటపెట్టే రసాయనం అంచులోనే ఉంటుంది. దాన్ని తిరిగి నింపరు. ఆ స్థాయి ఆటగాళ్లు ఫ్యాక్టరీ తూటాల్లో ఒక్కో లాటు తమ రైఫిలులో కాల్చి చూసి, కుదిరిన లాటును కొనిపెట్టుకుంటారు.

ఇంతకూ మావాడికి నేను గట్టిగా చెప్పింది గురి గురించి కాదు. మందుల వేగాల పట్టికలు ఉంటాయి. అవి వరసను మాత్రమే చెబుతాయి. పక్కపక్కనే ఉన్న రెండు మందుల్లో ఒకదాని కొలత రెండోదానికి వాడకూడదు. హెచ్ 4895 అని ఒకటి, ఐఎంఆర్ 4895 అని ఒకటి ఉన్నాయి. అంకె ఒకటే, మందులు వేరు, కొలతలూ వేరు. తయారీదారు అచ్చువేసిన పుస్తకంలో ఆ తూటాకు, ఆ గుండుకు రాసిన కనీస కొలతతోనే మొదలుపెట్టాలి. బల్లమీద ఒక్క డబ్బానే ఉండాలి. పని అయ్యాక కొలపాత్రలో మిగిలినది అదే డబ్బాలోకి వెంటనే తిరిగి పోయాలి. ఏదో తెలియని మందు మిగిలి కనబడితే పారేయాలి తప్ప అంచనా కట్టకూడదు. మా మామ చేసింది అంచనాయే.

డబ్బాను ఎండ తగలని చల్లని చోట, మందు వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. మూత తీయగానే ఘాటైన ఆమ్లపు వాసన వచ్చినా, ఎర్రటి ఆవిరి కనిపించినా ఆ మందు పాడైనట్టే. దాన్ని వాడకూడదు, దాచనూ కూడదు.